బిగిసే ఉన్న క్లాంపు

ఇంటి దగ్గర, సోమవారం

ప్రియమైన మెకానిక్ గారికి,

మీరు అనుకున్నదానికంటే ముందే మన ముసలమ్మ కారు మొరాయించింది. పోయిన బుధవారం సాయంత్రం డ్యూటీ అయ్యాక వస్తుంటే వేడి చూపించే ముల్లు ఉన్నట్టుండి లేచి ఎర్రగీత దాటేసింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. కారు పక్కకి తీసి, ఇంజన్ ఆపేసి, మీరు నేర్పినట్టే మూత జోలికి పోకుండా గంటసేపు రోడ్డు పక్కన నిలబడ్డాను. ఒంటి మీద నర్సు బట్టలున్నాయి కదా, దారినపోయేవాళ్ళంతా ఎవరికో ఏదో అయిందనుకుని ఆగి పరామర్శించి వెళ్ళారు. చల్లారాక మూత తీస్తే నీళ్ళు వేలికి అందలేదు. నా తాగే నీళ్ళ సీసాలు రెండూ పోసినా ఇంకా తాగుతానంది.

మర్నాడు మలుపులో గ్యారేజీ అతనికి చూపించాను. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, బానెట్ పూర్తిగా ఎత్తనైనా ఎత్తకుండా, "హెడ్ పోయిందమ్మా, ఇంజన్ విప్పాలి, ఓ వారం వదిలెయ్యండి" అన్నాడు. రోగిని ముట్టుకోకుండా ఆపరేషన్ రాసే డాక్టర్ని ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చూడలేదు. తీసుకొచ్చేశాను. విచిత్రం ఏమిటంటే, కారు కింద చుక్క తడి లేదు. మరి నీళ్ళెక్కడికి పోతున్నట్టు?

ఈ రోజుల్లో కారు లేకపోతే నాకు ఒక్క పూట గడవదు. బస్సు వెళ్ళని చోట్లకి కూడా తిరగాల్సి వస్తోంది. త్వరగా రాయండి. మీరు జనరేటర్లు చూసుకునే ఆ క్యాంపుకి ఫోను తీగ లాగేదాకా, ఉత్తరాలకి ఆ సామాన్ల లారీయే మనకి దిక్కు.

అన్నట్టు, చక్కెర ఎవరైనా తీస్తున్నారేమోనని డబ్బా మీద మీరు గీసి వెళ్ళిన గీత పోయింది. నేను చెరపలేదు, డబ్బా కడిగితే పోయింది.

ప్రేమతో,
మీ నర్సమ్మ


క్యాంపు, శనివారం

ప్రియమైన నర్సమ్మకి,

లారీ డ్రైవర్ చేతిలోంచి ఉత్తరం లాక్కుని అక్కడే నిలబడి చదివాను. కవరు అంచు కాస్త లేచి ఉంది. ఈసారి జిగురు గట్టిగా రాయి. ఇక్కడి స్టోరు గుమాస్తా చూపు నాకు మొదటినుంచీ నచ్చదు.

గ్యారేజీ వాడి మాట చెవిన పెట్టకు. జబ్బేమిటో తెలియనివాడు ముందుగా అనే మాట "హెడ్ పోయింది." నిజంగా ఇంజన్ పైమూత పోయుంటే గుర్తులుంటాయి. ఆయిల్ చూసే కమ్మీ బయటికి లాగు. ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగుకి తిరిగిందా? ఇంజన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్ తెల్లటి పొగ కక్కుతోందా? పొద్దున్నే చల్లటి ఇంజన్ మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్లో బుడగలు ఆగకుండా వస్తున్నాయా? ఈ మూడూ లేకపోతే హెడ్ నిక్షేపంగా ఉన్నట్టే.

ఆ తర్వాత ఇంజన్ కింద ఒక అట్టముక్క పరిచి పెట్టు. ముందువైపు మరక పడితే రేడియేటర్, బెల్టు వైపు పడితే వాటర్ పంపు. రబ్బరు గొట్టాల మీదికి మాత్రం ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకు. వచ్చేముందు ఏడింటికి ఏడూ నా చేత్తో కొత్తవి వేశాను. గొట్టం మూతి లోపల వేలితో కాస్త గ్రీజు రాస్తాను, తోస్తే పాలపీకలా జారి కూర్చుంటుంది. ఈ కిటుకు పెద్దాయనకి కూడా చెప్పలేదు.

పెద్దాయన అంటే ఎవరో నీకు తెలుసు. తోడబుట్టినవాడే గాని, ఆ వరసతో పిలవడం మానేసి తొమ్మిదేళ్ళయింది. నమ్మితే ఏమవుతుందో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మా ఇద్దరి రిపేరు షెడ్డులో గొట్టాలు తొడగడం నా వంతు, వెనకే వచ్చి వాటి మూతుల చుట్టూ పట్టీల్లా ఉండే క్లాంపులు బిగించడం ఆయన వంతు. ఒక్క క్లాంపు బిగించలేదు. డాక్టరుగారి కారు గొట్టం నడిరోడ్డు మీద ఊడిపోయి, నీళ్ళన్నీ కారి, ఇంజన్ పట్టేసింది. ఆ పేరుతోనే షెడ్డు మూతపడింది. పైగా, నేను బిగించానురా అని మొహం మీదే బొంకాడు.

సరే, అది పాత సంగతి. రోజూ మీటరు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఎన్ని నీళ్ళు పట్టాయో కాగితం మీద రాసి పంపు. అంకెలు చూస్తే తప్ప నాకు జబ్బు అంతుపట్టదు.

డబ్బా సంగతి నమ్ముతున్నాను. ఎన్నిసార్లు కడిగావేమిటి?

ప్రేమతో,
నీ మెకానిక్


ఇంటి దగ్గర, ఆదివారం

ప్రియమైన మెకానిక్ గారికి,

ఒకసారే కడిగాను.

మీరు చెప్పిన పరీక్షలన్నీ అయ్యాయి. ఆయిల్ తేనెరంగులో శుభ్రంగా ఉంది. తెల్లపొగ లేదు. బుడగలు మొదట నాలుగు వచ్చి ఆగిపోయాయి. అట్టముక్క మూడు రోజులు పరిచాను. దాని మీద మన పక్కింటి పిల్లి పడుకున్న గుర్తులు తప్ప మరకన్నది లేదు. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూశాను, మెత్తగానే ఉంది.

ఇంకో రెండు సంగతులు. ముల్లు పైకి లేచినప్పుడు హీటర్ వేస్తే వేడిగాలి రావడం లేదు, చల్లగా వస్తోంది. ఇంజన్ ఉడికిపోతుంటే హీటర్ చల్లబడటం ఏమిటో నా బుర్రకి ఎక్కలేదు. రెండోది, బానెట్ ఎత్తితే ఏదో తియ్యటి వాసన, పాకం మాడినట్టు. రేడియేటర్ నీళ్ళలో కలిపే కూలెంట్ వాసన అదేనని మీరు ఒకసారి చూపించారు. ఇంజన్ వెనకవైపు నుంచి వస్తోందనిపించింది గాని అక్కడికి నా చెయ్యి దూరలేదు.

రెండు వారాల లెక్క ఈ ఉత్తరంతో పెడుతున్నాను. రోగుల జ్వరం రాసుకునే కాగితం మీదే రాశాను, గళ్ళు ఉన్నాయని. కొన్నిరోజులు అసలు నీళ్ళే తాగదు, కొన్నిరోజులు లీటరు పైగా. దాని మనసులో ఏముందో మీరే చెప్పాలి.

మీరు అన్నం సరిగ్గా తింటున్నారా? వంటవాడు నూనె దాచేసుకుంటున్నాడని పోయిన నెల రాశారు. వంటవాణ్ణి కూడా వదలరా?

ప్రేమతో,
మీ నర్సమ్మ


క్యాంపు, శుక్రవారం

నర్సమ్మకి,

హీటర్ సంగతి ముందు చెబుతాను. నీళ్ళు తగ్గినచోట లోపల గాలి చేరుతుంది. ఆ గాలి అడ్డుపడి హీటర్‌కి వేడినీళ్ళు వెళ్ళవు, అందుకే చల్లగాలి. మళ్ళీ నీళ్ళు పోసేటప్పుడు కారు ముందుభాగం ఎత్తుగా ఉండేట్టు ఆపు. హీటర్ పూర్తిగా తెరిచి, మూత తీసి, ఇంజన్ తిప్పుతూ మెల్లగా పొయ్యి. గాలంతా బుడబుడమని బయటికి వస్తుంది. అలా చెయ్యకపోతే లీకు మానినా ముల్లు లేస్తూనే ఉంటుంది.

ఇప్పుడు నీ కాగితం.

మనింటి నుంచి క్లినిక్‌కి, తిరిగి ఇంటికి పద్నాలుగు కిలోమీటర్లు. ఆ రోడ్డు నేను కొలిచిందే. నీ లెక్కలో పద్నాలుగు తిరిగిన రోజులు ఆరున్నాయి. ఆ ఆరు రోజులూ చుక్క నీళ్ళు పట్టలేదు. మిగతా ఎనిమిది రోజులూ మీటరు ముప్ఫై ఒకటి తిరిగింది. అన్నిరోజులూ సరిగ్గా ముప్ఫై ఒకటే. నీళ్ళు తాగింది ఆ ఎనిమిది రోజులే. అందులో ఆదివారాలు రెండున్నాయి. ఆదివారం క్లినిక్ ఉండదు.

చదును రోడ్డు మీద పోని నీళ్ళు ఆ పదిహేడు కిలోమీటర్లలో పోతున్నాయంటే అక్కడ ఎత్తు ఉంది. ఇంజన్ బలం పెట్టి ఎక్కుతోంది. నీ డ్యూటీ రోడ్డు పలకలా ఉంటుంది. ముసలమ్మ ఏ కొండెక్కుతోంది?

నాకు తట్టిందల్లా రాయడం మంచిది కాదని ఆపుతున్నాను. జబ్బు ఎక్కడుందో చెప్పమన్నావు. నువ్వు ఎక్కడికి వెళ్తున్నావో చెబితే నేను చెబుతాను.

మెకానిక్


ఇంటి దగ్గర, గురువారం

ప్రియమైన మీకు,

ఈసారి సంతకానికి ముందు "ప్రేమతో" లేదు. మర్చిపోయారనుకోను, మీరు ఏదీ మర్చిపోరు.

వెళ్తున్న మాట నిజం. ఎక్కడికో ఇప్పుడు రాయను. రాయనని ఒకరికి మాటిచ్చాను. తప్పు చెయ్యడం లేదని రాస్తే ఎలాగూ నమ్మరు కాబట్టి అదీ రాయను. నా కాపురాన్ని కిలోమీటర్ల లెక్కన చదివినందుకు మాత్రం కోపం వచ్చింది. ఆ రెండు రోజులూ ఇంజెక్షన్లు గట్టిగా పొడిచానట.

మిమ్మల్ని ఒక్కటి అడగాలి. ఎందుకు అని అడక్కుండా జవాబు రాయండి. డాక్టరుగారి కారు ఆగిపోయిన రోజు మీరు వెళ్ళి చూసినప్పుడు, ఊడిపోయిన గొట్టం మీది క్లాంపు వదులుగా ఉందా, బిగిసి ఉందా?

గుర్తు తెచ్చుకుని ఉన్నదున్నట్టు రాయండి. ముసలమ్మ ప్రస్తుతం నడుస్తోంది. లీకు దొరికింది.

ప్రేమతో (నేను రాస్తాను),
మీ నర్సమ్మ


క్యాంపు, మంగళవారం

నర్సమ్మా,

రెండు లారీలు వచ్చి వెళ్ళాయి, నేను ఉత్తరం వెయ్యలేదు. నాలుగుసార్లు రాసి చించేశాను. స్టోరు గుమాస్తా ఆ ముక్కలు ఏరుకుని చదువుతాడని పొయ్యిలో వేశాను. నీకు నవ్వొస్తుందేమో.

లీకు దొరికిందన్నావు. ఎవరికి దొరికింది? నీ చెయ్యి అక్కడికి దూరదని నువ్వే రాశావు. గ్యారేజీ వాడికి దొరికేంత బుర్ర లేదు. అంటే కారు సంగతి బాగా తెలిసినవాడెవడో బానెట్ ఎత్తాడు. నాకు ఒక్కమాట చెప్పకుండా నా కారు ముట్టుకున్నాడు. నువ్వు మాటిచ్చింది అతనికేనా? కారు ఎవరు నడుపుతున్నారు? డ్రైవర్ సీటు నీకు సరిపోయేట్టు ముందుకే ఉంటోందా, వెనక్కి జరిగి ఉంటోందా? చూసి రాయి. వద్దు, రాయకు. నువ్వు రాసినా దాన్ని నేను నమ్ముతానో లేదో నాకే తెలియదు. ఇక్కడ జనరేటర్ల చప్పుడులో కూర్చుంటే ఒక్క ఆలోచన పదిసార్లు తిరిగొస్తుంది. నిన్న ఒక నట్టు మర అరగదీశాను. ఇరవై ఏళ్ళలో అలా జరగలేదు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. క్లాంపు బిగిసే ఉంది. స్క్రూ ఒక్క చుట్టు కూడా తిరగలేదు. గొట్టం మాత్రం మొత్తంగా జారి ఊడిపోయి వేలాడుతోంది. అందుకే కదా ఆయన దొంగతనం నాకు తెలిసిపోయింది. సైకిల్ మీద ఆయన నాకంటే ముందు వెళ్ళాడు. తాడు తీసుకుని నేను వెళ్ళేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటలో వదులుగా ఉన్న క్లాంపుని బిగించేసి, ఏమీ ఎరగనట్టు పక్కన నిలబడ్డాడు. ఊడిన గొట్టం మీద క్లాంపు బిగించి ఏం లాభం? తప్పు కప్పుకోవడానికి తప్ప.

ఇది నిన్ను ఎవరు అడగమన్నారు?

సెలవుకి అర్జీ పెట్టాను. ఎప్పుడు వస్తానో చెప్పను.

మెకానిక్


ఇంటి దగ్గర, శనివారం

ప్రియమైన మీకు,

చెప్పకుండా వచ్చి ఏం పట్టుకోవాలనుకుంటున్నారో దాన్ని నేనే చెప్పేస్తాను. ఇచ్చిన మాట తప్పుతున్నాను, ఆ పాపం నాది.

రెండు నెలల కిందట బావగారు మా క్లినిక్‌కి వచ్చారు. మీ అన్నయ్యే. నేనక్కడ పని చేస్తున్నానని తెలిసి వచ్చింది కాదు, నన్ను చూడగానే వెనక్కి తిరగబోయారు. కాలికి పుండు. షుగరు. చెప్పు కరిచిన చిన్న గాయాన్ని నెలల తరబడి గుడ్డ చుట్టి నెట్టుకొచ్చారు. వారానికి నాలుగు రోజులు కట్టు మార్చాలి, ఆదివారం కూడా. గుట్ట మీది పాత కాలనీలో ఒంటిగదిలో ఉంటున్నారు, పాడైన టేబుల్ ఫ్యాన్లు బాగుచేసుకుంటూ. ఆ కాలితో దిగి రాలేరు, బస్సు ఎక్కదు. అందుకని నేనే వెళ్తున్నాను. గుట్టకి దారి క్లినిక్ మీదుగానే, మీ ముప్ఫై ఒక్క కిలోమీటర్లూ అవే. ఒక్కటే షరతు పెట్టారు, "వాడికి రాయకమ్మా, జాలిపడి రాశాననుకుంటాడు, లేకపోతే నేనే రాయించాననుకుంటాడు" అని. మీరు ఏమనుకుంటారో ఆయనకి అంత బాగా తెలుసు.

ఇక లీకు. గుట్ట మీద ఒకరోజు ఆవిరి చూసి, స్టూలు తెప్పించుకుని కూర్చుని బానెట్ ఎత్తమన్నారు. ముందు ముక్కుతో చూశారు, తర్వాత వేళ్ళతో. ఇంజన్ వెనక హీటర్‌కి వెళ్ళే గొట్టం ఉందే, దాని మూతి దగ్గర తడి తగిలింది. కాస్త కాస్తగా వెనక్కి జారుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు లోపల ఒత్తిడి పెరిగి అక్కణ్ణుంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. అవి కింద కాలుతున్న పొగగొట్టం మీద పడి అక్కడికక్కడే ఆవిరైపోతున్నాయి. అట్టముక్క మీద మరక లేనిది అందుకే, మాడిన పాకం వాసన అందుకే. చదును రోడ్డు మీద అంత ఒత్తిడి ఉండదు కాబట్టి పద్నాలుగు కిలోమీటర్లే తిరిగిన రోజుల్లో నీళ్ళు పోలేదు.

"క్లాంపు వదులైందా బావగారూ" అన్నాను. స్క్రూడ్రైవర్ పెట్టి చూశారు. బిగిసే ఉంది. రెండు వేళ్ళతో గొట్టాన్ని లాగారు. బిగించిన క్లాంపుతో సహా జారి చేతిలోకి వచ్చేసింది. లోపల వేలు పెట్టి, వాసన చూసి, "గ్రీజు" అన్నారు. "ఇంజన్ వేడికి గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుందమ్మా. తొడిగిన రోజు బాగానే ఉంటుంది. మూడు నాలుగు నెలలకి పట్టు వదిలేస్తుంది, ఎంత బిగించినా ఆగదు. మంచినీళ్ళు రాసి తొడగాలి. ఎవరు వేశారిది?"

మీరే అన్నాను.

ఆయన వేలు చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత, ఉబ్బిన మూతి కోసేసి మళ్ళీ తొడిగి, గొట్టం పాతబడి పోయిందని వాడికి రాయి అన్నారు. నాకు గొట్టాల గురించి మీరు రాసిన ఉత్తరం గుర్తొచ్చింది, పెద్దాయనకి కూడా చెప్పని కిటుకు. డాక్టరుగారి కారుకి గొట్టాలు వేసి అప్పటికి ఎన్నాళ్ళయిందని ఆయన్ని అడిగాను. నాలుగు నెలలు అన్నారు, గోడవైపు చూస్తూ.

గ్రీజు సంగతి ముందే చెబితే, ఆ రోజు క్లాంపు వదులుగా ఉందని మీరు రాసేస్తారేమోనని భయపడ్డాను. అందుకే చెప్పకుండా అడిగాను. మీతో కాపురం చేసి నాకూ అనుమానం అంటుకుంది. కానీ మీరు నిజమే రాశారు. అది చదివి ఏడ్చాను.

అసలు సంగతి ఇది. వచ్చే నెల మొదటి గురువారం ఆయనకి ఆపరేషన్. రెండు వేళ్ళు తీసేస్తే పాదం నిలుస్తుంది, ఆలస్యమైతే మోకాలి దాకా పోతుంది. ఆసుపత్రి కాగితం మీద దగ్గరి బంధువు సంతకం కావాలి. నేను పెడతానంటే ఒప్పుకోవడం లేదు. "మీ ఆయనకి తెలియకుండా నీ సంతకం నాకొద్దు, రేపు అది నీ మెడకి చుట్టుకుంటుంది" అంటున్నారు. కాగితం ఖాళీగా కిటికీ మీద పెట్టుకుని ఫ్యాన్లు బాగుచేసుకుంటున్నారు.

డ్రైవర్ సీటు నా కొలతకే ఉంది. వెనకసీటు మీద మాత్రం దిండు పెట్టాను, ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు ఆయన కాలు చాపుకోవడానికి.

ప్రేమతో,
మీ నర్సమ్మ


క్యాంపు, సోమవారం

ప్రియమైన నర్సమ్మకి,

నీ ఉత్తరం చదివి మొదట ఏం చేశానో చెబితే అసహ్యించుకుంటావు. అది కూడా నమ్మలేదు. మీరిద్దరూ కూడబలుక్కున్నారనుకున్నాను. నేను కొత్తలో ఇక్కడ గొట్టాలు మార్చిన జనరేటర్ ఒకటుంది, నీకు కారు గొట్టాలు వేసి వచ్చిన నెలలోనే. తిన్నగా దాని దగ్గరికి వెళ్ళాను. క్లాంపు బిగుతుగానే ఉంది. గొట్టం పట్టుకుని లాగాను. వచ్చేసింది.

దాని పక్కనే నేల మీద కూర్చుండిపోయాను. గుమాస్తా వచ్చి భుజం మీద చెయ్యి వేసి, ఇంట్లో ఏమైనా అయిందా అని అడిగి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. నీ కవరు అంచు లేచిపోతే వానకి తడవకుండా తనే అంటించేవాడట.

ఇంకొకటుంది. నీకు కూడా ఎప్పుడూ చెప్పలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు. ఆ రోజు రోడ్డు మీద ఊడిన గొట్టం పట్టుకున్నప్పుడు నా వేళ్ళు జారాయి. లోపల జిడ్డు ఉంది. జేబులో గుడ్డ తీసి గొట్టం మూతి శుభ్రంగా తుడిచాను. తుడిచాకే అన్నయ్యని పిలిచాను. పిలిచి, క్లాంపు ఎందుకు బిగించలేదని అడిగాను. తెలిసే తుడిచానా, అలవాటు కొద్దీ తుడిచానా? రెండు రోజుల నుంచి ఇదే అడుగుతున్నాను, నన్ను. చక్కెర డబ్బాలకి గీతలు గీసిన నేను, నా చేతిని మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు.

తొమ్మిదేళ్ళు ఆయన ఆ మాట మోశాడు. నేను మోపింది.

ఈ ఉత్తరం తెచ్చిన లారీ తిరిగి వచ్చి, మళ్ళీ బయల్దేరేటప్పుడు నేనూ ఎక్కుతున్నాను. సెలవు దొరికింది. బుధవారం మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాను, ఆపరేషన్ గురువారం కంటే ఒకరోజు ముందు. ఈసారి చెప్పే వస్తున్నాను. అందాకా ముసలమ్మని గుట్ట ఎక్కించకు, మిగతా ఆరు గొట్టాలూ నేను వేసినవే. ఎవరిదైనా జీపు అడుగు. వచ్చాక అన్నీ విప్పి, గ్రీజు కడిగి, కొత్తవి మంచినీళ్ళతో తొడుగుతాను. క్లాంపులు అన్నయ్య బిగిస్తాడు, కాలు స్టూలు మీద పెట్టుకుని, ఒప్పుకుంటే. ఒప్పుకోకపోతే నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని అక్కడే నిలబడతాను.

గ్రీజు సంగతి నువ్వు రాశావని ఆయనకి చెప్పు. గుడ్డ సంగతి చెప్పకు. అది నేను చెప్పాలి.

ఆసుపత్రి కాగితం మీద బంధువు అని ఉన్నచోట ఎవర్నీ సంతకం పెట్టనివ్వకు. తమ్ముడు అని నా చేత్తో రాస్తాను.

ప్రేమతో,
నీ మెకానిక్